పడవ దిగినవాడు

షాబాను 2, బుధవారం. ముకోవాని రేవు.

ఈ పుస్తకం ఎంత దూరం పరుగెత్తానో రాసుకోవడానికి కొన్నది. ఇందులో వేరే సంగతులు రాయను.

ఈరోజు పరుగు లేదు. పడవ దిగాను. ఇరవై మూడేళ్ళ తర్వాత పెంబా మట్టి మీద కాలు పెట్టాను. ఏమీ కాలేదు. మట్టి మట్టిలాగే ఉంది. ఎండబోసిన లవంగాల ఘాటు రేవు దాకా వచ్చింది. కళ్ళు మండాయి. ఆ ఘాటుకే.

లాము దీవి చుట్టూ పరుగెత్తాను. మాఫియా దీవి చుట్టూ పరుగెత్తాను. పుట్టిన దీవి ఒక్కటే మిగిలింది. అరవై ఎనిమిదేళ్ళ షామే కొంబో పెంబా చుట్టూ పరుగెత్తి వచ్చాడంటే సముద్రానికి ఎదురు ఒడ్డున, నేనిప్పుడు ఉంటున్న మా పేట కుర్రాళ్ళు నోళ్ళు మూసుకుంటారు. అందుకే వచ్చాను. మరో పని లేదు.

కొత్త మనిషి ఊళ్ళ వెంట తిరగాలంటే చేతిలో షేహా చీటీ ఉండాలి. ఇక్కడి షేహా పేరు హమాదీ. ఊరిపెద్దనన్న బింకమేమీ లేకుండా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"నా కళ్ళద్దాలు మనవరాలు విరగ్గొట్టింది. నువ్వే రాసుకో అన్నా, నేను ముద్ర వేస్తా. రాయడం వచ్చుగా?" అన్నాడు.

"వచ్చుగా అంటావేంటయ్యా?" అన్నాను.

రాశాను. పేరు, చేసే పని, దీవి చుట్టూ తిరుగుతున్నాడు, తిండి పడక చూడగలరు. ముద్ర పడింది. రాత కుదురుగానే వచ్చింది.

షాబాను 3, గురువారం.

ముకోవాని నుంచి కెంగేజా. పద్నాలుగు కిలోమీటర్లు. మోకాలు బాగుంది.

రోడ్డుకి రెండు పక్కలా చాపల మీద లవంగాలు. నడిమధ్యన పరుగెత్తాను. ఒక్క మొగ్గ తొక్కినా ఆడవాళ్ళు ఊరుకోరు. వాళ్ళలో ఒకామె గుండె మీద చెయ్యి వేసుకుని లేచింది. "ఎవరు పోయారు బాబాయ్? ఎవరింట్లో?" అంది. ఇక్కడ నా వయసువాడు పరుగెత్తుతున్నాడంటే చావు కబురే. ఎవరూ పోలేదమ్మా అని అరుస్తూ నాలుగూళ్ళు దాటాను.

కెంగేజాలో చీటీ ఇచ్చాను. అక్కడి షేహా చదివాడు, నా వంక చూశాడు, మళ్ళీ చదివాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. కొబ్బరిపాలతో వండిన అన్నం, ఆక్టోపస్ పులుసు వచ్చాయి. తిన్నాక కొత్త చొక్కా తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"నాకు చొక్కాలున్నాయి" అన్నాను.

"అలా అనకు పెద్దాయనా. నీ పరిస్థితి మాకు తెలుసు."

"నా పరిస్థితేంటి?"

"అల్లా ఉన్నాడు" అన్నాడు.

పరుగెత్తేవాడికి మర్యాద తెలిసిన ఊరు. తిన్నాను, పడుకున్నాను, లేచాను.

షాబాను 4, శుక్రవారం.

చంబాని. పదకొండు కిలోమీటర్లు.

ఇక్కడ దిగిన ఇల్లు మిజా అనే ముసలామెది. చీటీని మనవడు చదివి వినిపిస్తుంటే ఆమె కంట నీళ్ళు పెట్టుకుంది. లోపలికి వెళ్ళి, చనిపోయిన మొగుడి తోలు చెప్పులు తెచ్చింది.

"నాకు బూట్లున్నాయి అక్కా."

"అరిగిపోయాయి కదా తండ్రీ. ఎంత దూరం నుంచి పరుగెత్తావో."

"దూరం నుంచే."

"వెనక ఎవరైనా వస్తున్నారా?" గొంతు తగ్గించి అడిగింది.

"నా వెనకా? ఎవరికుంది ఆ దమ్ము? ఎప్పుడో వెనకబడిపోయారు" అన్నాను.

ఇంకా ఏడ్చింది. ఈ ఊరి ఆడవాళ్ళకి పరుగంటే ఇంత భక్తి ఉందని తెలీదు.

భోజనాలయ్యాక ఇరుగుపొరుగు చేరారు. ఎవరూ అడక్కుండానే, ఎన్నికల తర్వాత తుపాకులు పేలి జనం పడవల్లో పారిపోయిన ఆ గొడవల ఏడాది సంగతులు మొదలుపెట్టారు. ఎవరు ఏ పడవెక్కారు, ఎవరి గొర్రెలు ఎవరు మేపారు, ఎవరు తిరిగి రాలేదు. మాట వచ్చింది కాబట్టి నేనూ అడిగాను. ఎడమ చేతికి బొటనవేలు లేని మనిషిని ఎవరైనా ఎరుగుదురా అని. ఎరగమన్నారు. "ఉత్తరాదివాడై ఉంటాడు, అటే అడుగు" అంది మిజా.

ఊరికే అడిగాను.

షాబాను 5, శనివారం.

పరుగు లేదు. మోకాలు.

మోకాలు అని రాశాను. మోకాలు కాదు.

ఆ ఏడాది. తెల్లవారుతోంది. తుంబే ఒడ్డు. నా భార్య తునూ అప్పటికే పడవలో ఉంది, కడుపుతో. పడవవాడు ఇక ఒక్కరికి కూడా చోటు లేదన్నాడు. నేను నడుము లోతు నీళ్ళలో ఉన్నాను. తునూ అరుస్తోంది. అప్పుడు పడవలోంచి ఒక మనిషి దిగాడు. ఎడమ చేతికి బొటనవేలు లేదు. నా భుజం పట్టుకున్నాడు. "ఎక్కు తమ్ముడూ" అన్నాడు. ఒడ్డుకేసి నడిచిపోయాడు. అతను వెనక్కి చూడలేదు. నేనూ చూడలేదు.

ఒడ్డున మిగిలినవాళ్ళ గతి ఏమైందో ఎవరినీ అడగలేదు. అడిగితే చెబుతారు కదా.

ఎదురు ఒడ్డున రాళ్ళు కొట్టుకుని బతికాం. ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. తునూ ప్రతి శుక్రవారం ఆ మనిషి కోసం దువా చేస్తుంది. మొన్న చేతులెత్తినది ఎత్తినట్టే ఉంచి అడిగింది: "ఇంతకీ నేను చేసేది బతికున్నవాళ్ళ దువానా, పోయినవాళ్ళ దువానా?"

"నాకేం తెలుసు" అన్నాను.

"తెలుసుకోకూడదూ?" అంది.

దానికోసం రాలేదు. పరుగెత్తడానికి వచ్చాను. ఎలాగూ దీవి చుట్టూ తిరుగుతున్నాను కాబట్టి దారిలో అడుగుతాను. అంతే.

షాబాను 6, ఆదివారం.

విటొంగోజి. పద్దెనిమిది. ఎండ.

మేకమాంసం పెట్టారు. దుప్పటి ఇచ్చారు, సత్తు పళ్ళెం ఇచ్చారు, ఇంకో రెండు చొక్కాలు. వద్దంటే కళ్ళు తుడుచుకుంటారు. సంచి బరువెక్కింది. పరుగెత్తుతుంటే వీపు మీద పళ్ళెం గణగణ మోగుతుంది. కుక్కలు వెంటపడుతున్నాయి.

బొటనవేలు లేనివాణ్ణి ఇక్కడా ఎరగరు.

షాబాను 7, సోమవారం.

కంగగాని. ఇరవై.

ఇది రాయకూడదు అనుకున్నాను. రాస్తున్నాను.

ఇక్కడ రిజికీ అని బడి పంతులమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. మాట సూది. చీటీ చదివి అడిగింది.

"మీది ఏ దేశం బాబాయ్?"

"ఈ దేశమే. పెంబావాణ్ణే."

"మరి ఇందులో ముకింబిజి అని ఉందే?"

"అవును. పరుగెత్తేవాణ్ణి."

ఆమె గోడ పట్టుకుంది. నవ్వి నవ్వి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పరుగెత్తేవాడు ముకింబియాజి బాబాయ్. మీరు రాసింది ముకింబిజి. అంటే ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాడు. 'ఇతను ముసలివాడు, పారిపోయి వచ్చాడు, దీవి చుట్టూ తిరుగుతున్నాడు, తిండి పడక చూడగలరు.' ఇదీ చీటీ. చదివితే నాకే ఏడుపొచ్చింది."

చొక్కాలు. చెప్పులు. పళ్ళెం. వెనక ఎవరైనా వస్తున్నారా అని అడిగిన మిజా.

పదహారో ఏట నుంచి రాళ్ళు కొట్టి తిన్నవాణ్ణి. ఒకరి దగ్గర చెయ్యి చాచి ఎరగను. మూడు ఊళ్ళలో నాకు దానం పెట్టారు. నేను దాన్ని పళ్ళెం నిండా తిని, పరుగుకి మర్యాద అనుకున్నాను.

"ఎవడు రాశాడు ఇది?" అన్నాను.

"చేతిరాత ఎవరిదో మీకే తెలియాలి."

"షేహా హమాదీది. వాడికి కళ్ళు కనపడవు."

అలా అన్నాను.

ఆమె ఎర్ర కలంతో దిద్ది ఇచ్చింది. వాళ్ళూ వీళ్ళూ ఇచ్చినవన్నీ అరుగు మీద పరిచి "ఇవి నావి కావు, నిజంగా పారిపోయి వచ్చినవాడికి ఇవ్వు" అన్నాను.

"మనసుపడి ఇచ్చారు బాబాయ్. తిరిగి ఇచ్చామంటే వాళ్ళ ముఖాన కొట్టినట్టే. మడత పెట్టుకోండి" అంది.

"నాకు అక్కర్లేదు."

"అక్కర్లేదని తెలిసే ముందు మూడు ఊళ్ళ అన్నం అరిగింది కదా?"

మడత పెట్టుకున్నాను. పంతులమ్మలతో ఎవరు వాదిస్తారు.

షాబాను 8, మంగళవారం.

కియూయు. పన్నెండు.

చీటీ ఇప్పుడు సరిగ్గా ఉంది. షేహా చదివాడు. "పరుగా? దేనికి? ఊళ్ళో గాడిద దొరకలేదా?" అన్నాడు. మంచినీళ్ళు ఇచ్చారు. మసీదు వసారాలో పడుకోమన్నారు. అది మర్యాదే. నేను అడిగినదంతా ఇచ్చారు. దుప్పటి నాదే కప్పుకున్నాను.

బొటనవేలు లేని మనిషి గురించి అడిగాను. అరుగు మీద మాటలు ఆగిపోయాయి.

"పరుగెత్తేవాడికి పడవల సంగతెందుకు?" ఒకడు అన్నాడు.

"ఏం చేశాడు ఆ మనిషి? పోలీసువా నువ్వు?" ఇంకొకడు.

"పోలీసువాళ్ళు ఈ వయసులో పరుగెత్తరు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

షాబాను 9, బుధవారం.

మిచెవేని. పదిహేను. రాళ్ళ నేల, నీడ లేదు.

అంగడి ముందు కుర్రకారు. "తాతా, తరుముతున్నది ఎవరు, పెళ్ళామా?" అన్నారు. "మీ పెళ్ళాలే. మిమ్మల్ని చూసి విసుగెత్తి నా వెంటపడ్డారు" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాళ్ళు మంచివాళ్ళే.

కానీ ఎవరూ ఏమీ చెప్పలేదు. చంబానిలో నేను నోరు తెరవకముందే వాళ్ళ గుండెల్లో ఉన్నదంతా నా ముందు పోశారు.

షాబాను 10, గురువారం.

షుంబా. పది. ఎవరూ ఏడవలేదు.

షాబాను 11, శుక్రవారం.

తుంబే. తొమ్మిది. రెండు సార్లు ఆగాను.

జుమ్మా వేళకి చేరాను. ముందు ఒడ్డుకి వెళ్ళాను. చేపల బుట్టలు, వలలు, పిల్లలు. ఏ చోటో పోల్చుకోలేకపోయాను. నీళ్ళకి గుర్తులుండవు.

నమాజు అయ్యాక ఇమాము అడిగాడు, కొత్త పెద్దాయన ఎవరు, ఏ పని మీద వచ్చారు అని. చీటీ జేబులోనే ఉంది. తియ్యలేదు. లేచి నిలబడ్డాను. రాళ్ళు కొట్టేవాడికి గొంతు పెద్దదే.

"నా పేరు షామే కొంబో. నేను పారిపోయినవాణ్ణి. ఈ ఒడ్డు నుంచే పారిపోయాను. ఒకాయన పడవ దిగి నాకు చోటిచ్చాడు. ఆయన ఉన్నాడో పోయాడో ఇరవై మూడేళ్ళుగా అడగలేదు. భయపడి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. నా చెల్లెలు ఆ పడవలోనే వెళ్ళింది అన్నాడొకడు. మా అన్న అక్కడే ఉండిపోయాడు అన్నాడొకడు. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఖర్జూరాలు వచ్చాయి, టీ వచ్చింది.

బొటనవేలు సంగతి చెప్పగానే మూల కూర్చున్న వలలవాడు తలెత్తాడు. "ఎడమ చెయ్యా? సిలిమా కదూ! కొబ్బరికాయ కొడుతూ కత్తి దెబ్బకి పోగొట్టుకున్నాడు. మ్సూకాలో ఉంటాడు."

"ఉంటాడా? ఉండేవాడా?"

"ఉంటాడయ్యా. పోయిన వారమే ఎద్దుల ఆటలో మా వాళ్ళతో కొట్లాట పెట్టుకున్నాడు. వాడు అంత తేలిగ్గా పోతాడా?"

బతికే ఉన్నాడు.

బతికే ఉన్నాడు.

టీ తాగి లేచి వచ్చేశాను. మసీదు మెట్లు దిగాక గుర్తొచ్చింది, చీటీ రాసింది హమాదీ కాదని రిజికీకి చెప్పాల్సింది. ఆమె రెట్టించలేదు.

షాబాను 12, శనివారం.

మ్సూకా. పది. ఎంతసేపట్లో వచ్చానో చూసుకోలేదు.

దారంతా మాటలు కూర్చుకున్నాను. కొత్తగా కూర్చుకోవడమేమిటి, ఇరవై మూడేళ్ళుగా రాళ్ళు కొడుతూ కూర్చుకున్నవే. వాకిట్లో నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు, "హోడీ" అన్నాను. "రా రా" అని లోపల్నుంచి వినపడింది. ఎండిన మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆకూవక్కా నములుతున్నాడు. చెయ్యి చూశాను. ఆ చెయ్యే.

మొత్తం చెప్పాను. తునూ కడుపుతో ఉండటం, నీళ్ళు, ఆయన దిగడం, మా పిల్లలు. నీ రుణం నా తోలు వలిచి చెప్పులు కుట్టించినా తీరదు అన్నాను. అది ముందే అనుకున్న మాట. ఆయన అంతా విన్నాడు. వాకిట్లోకి ఉమ్మి వచ్చి కూర్చున్నాడు.

"ఎవరి కోసం దిగానంటున్నావు?"

"నా కోసం."

"నిన్నెవడు చూశాడయ్యా?"

వాకిలి అవతలకి చెయ్యి చూపించి చెప్పాడు.

"ఎద్దుని కట్టేసి వచ్చాను. మామిడి చెట్టుకి. పొట్టి తాడు. పడవెక్కి కూర్చున్నాక గుర్తొచ్చింది. తొట్టి దాని మూతికి అందదు. ఎండల కాలం. ఇంక ఎలా కూర్చుంటాను?"

"ఎద్దు కోసమా?"

"మామూలు ఎద్దనుకున్నావా! సుల్తాను. మూడు ఊళ్ళవాళ్ళని చెట్లెక్కించింది."

"మరి నా భుజం పట్టుకున్నావే?"

"నువ్వు అడ్డంగా ఉన్నావు. దిగడానికి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి కదా."

"ఎక్కు తమ్ముడూ అన్నావు!"

"అన్నానా?" ఆలోచించాడు. "అనే ఉంటాలే. చోటు ఖాళీ అయితే ఎక్కమనే అంటాం. బస్సులో అనమా?"

కోపం వచ్చింది. నిజం రాస్తున్నాను, చాలా కోపం వచ్చింది. "ఇరవై మూడేళ్ళుగా మా ఆవిడ నీ కోసం దువా చేస్తోంది!" అని అరిచాను.

"నేను చెయ్యమన్నానా?" ఆయనా అరిచాడు. అంతలో ఆగాడు. "ఉండు. ఏ దువా? పోయినవాళ్ళదా?"

"దానికి తెలీదు. ఏదో ఒకటి."

"అదీ సంగతి! అందుకే నా నడుము నొప్పి తగ్గి చావడం లేదు. బతికున్నవాళ్ళదే చెయ్యమని చెప్పు ఆ మహాతల్లికి."

ముందు ఎవరం నవ్వామో తెలీదు. ఆయన కోడలు కిబిబీ వంటింట్లోంచి వచ్చి మమ్మల్ని చూసి, ఇద్దరు ముసలాళ్ళకీ ఒకేసారి పిచ్చెక్కిందని పక్కింటికి చెప్పడానికి పోయింది.

తర్వాత అడిగాను, ఆ మీదట నీకేమైందని. ఎద్దుని తోలుకుని మడ అడవిలో పన్నెండు రోజులు ఉన్నాడట. "నేను పుల్లలా అయిపోయాను. అది మాత్రం మడాకులు మేసి కొవ్వెక్కి బయటికొచ్చింది." అంతకంటే చెప్పలేదు. ఇల్లు ఏమైందని అడిగితే ఆకు నమలడం మొదలుపెట్టాడు.

"అయినా సరే, నువ్వు దిగావు కాబట్టే నేను ఎక్కాను. నా మాట తీసుకో" అన్నాను.

"తీసుకోను. నేను చెయ్యని దానికి మెప్పు తీసుకుంటే రేపు పైన లెక్క చెప్పాలి. నా నెత్తిన పెట్టకు. ఎక్కడైనా దించుకో."

మా ఇద్దరిలో ఎవరు మొండో చెప్పలేను.

చాలాసేపటికి "ఆడపిల్లల పేర్లేంటి?" అని అడిగాడు. చెప్పాను. ముగ్గురి పేర్లూ ఒక్కొక్కటీ పలికి చూసుకున్నాడు. "మంచి పేర్లు" అన్నాడు. ఇంకొంచెంసేపు అయ్యాక మళ్ళీ పలికాడు.

తునూకి ఫోను చేశాను. బతికున్నవాళ్ళదే అని చెప్పాను. అటునుంచి దువా వినపడింది. తర్వాత "ఆయనకి చెప్పావా?" అంది.

"చెప్పాను. తీసుకోలేదు."

"మరి ఇంకెవరికైనా చెప్పావా?" అంది.

ఏం అడుగుతోందో అప్పుడు అర్థం కాలేదు.

షాబాను 13, ఆదివారం.

ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. కెంగేజా, తిన్నాను లేచాను. చంబాని, తిన్నాను. విటొంగోజి, తిన్నాను. తుంబే, టీ తాగి లేచి వచ్చేశాను. ఒక్క చోట కూడా కృతజ్ఞతగా ఒక మాట అన్నట్టు రాయలేదు. రాయలేదంటే అనలేదు. ఇరవై మూడేళ్ళు ఒక్క మనిషి కోసం దాచి పెట్టుకుని, అన్నం పెట్టిన ప్రతి గుమ్మం ముందూ నోరు కట్టుకుని లేచి వచ్చాను.

ఇక్కడి నుంచి వేతే, పడమటి ఒడ్డు వెంట మూడు రోజులు పరుగెత్తితే దీవి చుట్టు పూర్తవుతుంది. వెళ్ళడం లేదు. వచ్చిన దారినే వెనక్కి పోతున్నాను. తుంబే మసీదు, మిచెవేని కుర్రాళ్ళు, కియూయు మంచినీళ్ళు. రిజికీకి చీటీ రాసింది నేనే అని చెప్పాలి, ఆమెకి తెలిసినా సరే. మిజా అక్కకి వెనక ఎవరూ రావడం లేదని చెప్పాలి, పాపం ఇంకా కంగారు పడుతూ ఉంటుంది. కళ్ళద్దాలు లేని హమాదీకీ చెప్పాలి. పరుగెత్తను. నడుస్తాను. గుమ్మం గుమ్మం దగ్గర ఆగాలంటే నడకే నయం. పేట కుర్రాళ్ళు సగం చుట్టు అని ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

సిలిమా ఇంకా నిద్ర లేవలేదు. సంచి సర్దుకుంటుంటే కిబిబీ వేడి గంజి గిన్నె తెచ్చింది. అరుగు మీద కూర్చుని అడుగు దాకా తాగాను. గిన్నె చేతికిస్తూ లేచి నిలబడ్డాను.

"నీ మేలు మరవను తల్లీ. గంజి చాలా బాగుంది."

ఆమె గిన్నెలోకి చూసింది, నా వంక చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఉప్పు వెయ్యడం మర్చిపోయాను తాతా."

నాకు తెలీలేదు.